మట్టుపాలెంలో పదో గ్రహం

కాశీ వెళ్లొచ్చినవాళ్లు గంగను గురించి రాస్తారు. ఢిల్లీ వెళ్లొచ్చినవాళ్లు ఎర్రకోటను గురించి రాస్తారు. నేను వెళ్లింది మట్టుపాలెం. సత్తెనపల్లి నుంచి కొంతదూరం బస్సు, ఆపైన నల్లరేగడిలో కాలినడక. అక్కడ చూడదగ్గది ఒక్కటే ఉంది, ఒక రాయి. మోకాలెత్తు ఉంటుంది. అది ఒక గ్రహం. మన సూర్యుడి చుట్టూ తిరిగేది కాదు, ఎక్కడో ఉన్న మరో నక్షత్రానికి చెందినది. అలాంటి విగ్రహం భూమ్మీద ఇంకోటి ఉందని నేననుకోను.

ఆ రాయి సంగతి నాకు చెప్పినవాడు మస్తాన్. మా చీరాలలో మగ్గాలవాళ్ల దగ్గర చీరలు కొని, మూటగట్టి, పల్నాటి ఊళ్లలో తిరిగి అమ్ముతాడు. అతని సొంతూరు మట్టుపాలెం. ఒకనాటి ఉదయం మా అరుగు మీద మూట దించి, మంచినీళ్లు తాగి అన్నాడు:

"మాస్టారూ, మా ఊళ్లో నవగ్రహాలు పదయ్యాయండి."

నేను నవ్వాను. అతను నవ్వలేదు.

ఆమధ్య పత్రికలో పడిన వార్త చాలామంది చదివే ఉంటారు. పరదేశంలో ఒక ఖగోళ శాస్త్రజ్ఞుడు, మామూలు కంటికి ఆనని ఒక చిన్న నక్షత్రాన్ని ఏళ్ల తరబడి ఫోటోలు తీసి, దాని చుట్టూ ఒక గ్రహం తిరుగుతోందని అన్నాడు. అది చదివిన రోజు సంతోషంతో నాకు అన్నం సహించలేదు. మట్టుపాలెం పఠనాలయంలోనూ ఎవరో దాన్ని పైకి చదివారు. అదే వారంలో ఆ ఊరి మిరపచేలకు ఆకుముడత వచ్చింది. అది మొదట కనిపించింది మాణిక్యమ్మ అనే ఆవిడ చేలో. ఊరు రెంటికీ ముడిపెట్టింది.

"కొత్త గ్రహం చూపు ముందు ఆవిడ చేను మీదే పడిందంటున్నారండి. శివాలయంలో తొమ్మిదింటి పక్కన పదో రాయి నిలబెట్టారు. మాణిక్యమ్మ శాంతి చేయిస్తేనే కూలీలు ఆ చేలో దిగుతారంట. పూజారి శాస్త్రులుగారేమో చెయ్యనంటున్నారు."

"ఎందుకు చెయ్యడు? దక్షిణ చాలలేదా?"

"అది కాదండీ. పదో గ్రహానికి మంత్రం లేదంట."

ఈసారి ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగాక మస్తాన్ మెల్లగా అన్నాడు: "కాయ పండిపోయి రాలిపోతోంది మాస్టారూ. మొగుడు పోయి ఏడాదన్నా కాలేదు. ఒక్కర్తే ఎంతని కోస్తుంది? ఆ పంట పోతే ఇక చేను అమ్ముకోవడమే. మీరొచ్చి ఆ గ్రహం సంగతి నాలుగు మాటలు చెబితే జనం వింటారేమోనని..."

నలభై ఏళ్లుగా నేను చేస్తున్నది ఆ నాలుగు మాటలు చెప్పడమే. సంచీ సర్దుకున్నాను. అలవాటు చొప్పున రెండు గ్లాసులు పెట్టాను. తర్వాత ఒకటి తీసేశాను.

బ్రాడీపేట

నా భార్య రత్నం బతికున్నంత కాలం నేను ఏ సభకు వెళ్లినా వెంట వచ్చేది. ఆఖరి వరసలో కూర్చునేది. సభ అయ్యాక, "బాగానే చెప్పారు. మూడుచోట్ల అరిచారు," అనేది. ఎక్కడెక్కడ అరిచానో కూడా చెప్పేది. ఆమె లేకుండా చేసిన మొదటి ప్రయాణమిది.

గుంటూరులో దిగి బ్రాడీపేటలో ఒక పాత మిత్రుణ్ణి చూడబోయాను. ఒకప్పుడు ఇద్దరం ఒకే వేదిక ఎక్కి వితంతు వివాహాలను సమర్థించాం, శ్రాద్ధాలను ఖండించాం, రాళ్లు పడితే చెరిసగం తిన్నాం. ఇప్పుడు పేరున్న ప్లీడరు. వరండా నిండా కక్షిదారులు. నాకు ఇడ్లీ, దాని మీద నేతిలో తడిపిన కారప్పొడి పెట్టించాడు. మా చీరాలలో కారప్పొడి నంజుకుంటాం. గుంటూరులో కారప్పొడి తింటారు, ఇడ్లీ నంజుకుంటారు.

పదో గ్రహం కథ చెబితే పొట్ట పట్టుకుని నవ్వాడు. నేను లేచి సంచీ అందుకోగానే గడియారం చూసి, "కాసేపాగి వెళ్లు," అన్నాడు.

"ఎండనా?"

"ఎండ కాదులే..." అని గోడమీది పంచాంగం వైపు చూసి, చూపు దించుకున్నాడు.

రాహుకాలం! చంద్రుడి నీడనూ భూమి నీడనూ పట్టుకుని రాక్షసుణ్ణి చేసి, వాడికి రోజూ గంటన్నర జాగీరు రాసిచ్చిన జాతి మనది. ఆ గంటన్నరను మేమిద్దరం ఎన్ని వేదికల మీద చింపి పోగులు పెట్టామో! నేను చెప్పులు తొడుక్కుని ఆ క్షణాన్నే బయటపడ్డాను. బస్టాండు చేరేసరికి సత్తెనపల్లి బస్సు దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోతోంది. రేకుల కింద కూర్చున్నాను. మళ్లీ బస్సు వచ్చేసరికి రాహుకాలం పూర్తిగా దాటింది. ఈ ముక్క మా ప్లీడరుకు మాత్రం ఎవరూ చెప్పకండి.

సత్తెనపల్లి

సత్తెనపల్లిలో దిగినవాడు మొదట చేసే పని తుమ్మడం. వీధికి ఒక పక్క మిరపకాయల గోతాలు, ఇంకో పక్క పత్తి బోరాలు. గాలి వీస్తే ఘాటు, ఆగితే నూగు. ఊరివాళ్లెవరికీ తుమ్ములు రావు. తుమ్మేవాణ్ణి చూసి, "ఏ ఊరు మనది?" అని ఆప్యాయంగా అడుగుతారు. తుమ్మితే ఆగమనే శకునం ఈ ఊళ్లో ఎలా చెల్లుతుందో నాకు అర్థం కాలేదు. చెల్లితే ఇక్కడ ఒక్క బండీ కదలకూడదు.

ముందే వచ్చి నాకోసం కాచుకున్న మస్తాన్ గోలీసోడా ఇప్పించాడు. ధర మా ఊరిదే, గోలీ మాత్రం మొండిది. బొటనవేలితో నేను నొక్కితే దిగలేదు. కొట్టువాడు నవ్వి ఒక్క గుద్దు గుద్దితే సగం సోడా నా చొక్కా తాగింది.

అక్కడినుంచి ఇంకో బస్సు, తర్వాత నడక. కనుచూపు మేర చేలే. కోత పూర్తయిన పత్తిమోడులు, వాటి పక్కన ఎర్రగా మిరప. ఎక్కడో ఒక మనిషి, ఎక్కడో ఒక ఎడ్లబండి. సముద్రం పక్కన పుట్టినవాణ్ణి, నాకు ఖాళీ కొత్త కాదు. కానీ సముద్రం చప్పుడు చేస్తుంది. ఈ నేల ఊరుకుంటుంది.

కొంతదూరం పోయాక మస్తాన్ అడిగాడు: "బాటంతా ఖాళీగా ఉంటే అంచున నడుస్తారేంటండీ మాస్టారూ? ముళ్లున్నాయి అక్కడ."

రత్నం నాకు కుడిపక్కన నడిచేది. వాడరేవు ఇసుకలో నడిచినా అంతే, ఏ ఊరి బాట మీదైనా అంతే. బాట మధ్యకు వచ్చాను. మళ్లీ కాసేపటికి చూసుకుంటే అంచునే ఉన్నాను.

మట్టుపాలెం

బస మస్తాన్ ఇంట్లో. అతని తల్లి జొన్నసంగటి ముద్దలో గుంట చేసి, అందులో పండుమిరప పచ్చడి వేసి, పైన నూనె పోసి ఇచ్చింది. మా వైపు పండుమిరప పచ్చడిలో చింతపండుది పెద్దపీట. ఇక్కడ చింతపండు చుట్టపుచూపుగా వచ్చి పోతుంది. మూడో ముద్దకు నాకు చెవులు వినబడటం మానేశాయి. "కారం తగ్గించే చేశా నాయనా, తమరొస్తున్నారని," అంది ఆ తల్లి బాధపడుతూ.

మాణిక్యమ్మ ఇల్లు ఊరి చివర. నలభై ఏళ్ల మనిషి, పొడగరి. పంట ఆరబోసే కల్లం ఊడ్చి, అలికి, శుభ్రంగా ఉంచుకుంది. ఒక మూల నాలుగు తట్టల కాయలు. మిగతా కల్లమంతా ఖాళీ. ఊళ్లో మిగిలిన కల్లాలన్నీ ఎర్రదుప్పట్లు పరిచినట్టున్నాయి.

"కూర్చోండయ్యా," అని మంచం వాల్చి, తను గుంజకు ఆనుకుని నిలబడింది. "ఈ మంచం వాల్చి నెలయింది. ఎవురొస్తారు? నీళ్ల కాడికి పోతే పక్కకి జరుగుతున్నారు. మా ఆయన పోయినప్పుడన్నా వచ్చి ఏడ్చారు. దీనికి ఏడవను కూడా రారు."

ఆకాశం వైపు చూసి అడిగింది: "అదెంత దూరంలో ఉంటదయ్యా?"

"వెలుతురు ఎంత జోరుగా పోతుందో తెలుసుగా? అక్కడినుంచి ఆ వెలుతురు ఇక్కడికి రావడానికే ఏళ్లు పడుతుంది."

ఆమె లెక్క వేసుకుంటున్నట్టు తల ఊపింది. "అంత దూరాన్నించి చూస్తే దానికి నా రెండెకరాలే కనపడ్డాయా?"

ఇంతకంటే మంచి వాదం నా నలభై ఏళ్లలో నేను చేయలేదు. ఆ సాయంత్రం శివాలయంలో జరగబోయే సభలో దీన్నే వాడుకుందామనుకున్నాను.

శివాలయం

ఆవరణలో ఈశాన్యాన తొమ్మిది రాళ్లు నునుపుగా, నూనెతో నల్లగా ఉన్నాయి. పదోది కొంచెం ఎడంగా, వరసలో కలవకుండా, గరుగ్గా, నిన్న పొలంలోంచి తెచ్చినట్టే ఉంది. దానికి రంగేదో, వాహనమేదో, ధాన్యమేదో ఎవరికీ తెలియదు కనుక తెల్లగుడ్డ చుట్టి ఊరుకున్నారు.

జనం బాగానే వచ్చారు. మాణిక్యమ్మ గోడ పక్కన విడిగా నిలబడింది. ఆమె చుట్టూ రెండు బారల ఖాళీ. నేను మొదలుపెట్టాను. ఆకుముడత ఆకు వెనక ఉండే నలుసంత పురుగుల పని అని, ఆకు తిప్పి చూస్తే కనబడతాయని చెప్పాను.

పెద్దరైతు వెంకయ్య కూర్చున్నచోటినుంచే, "పురుగులు మేమూ చూశాం మాస్టారూ. వాటిని పంపిందెవురని?" అన్నాడు.

మాణిక్యమ్మ చెప్పిన మాటే అన్నాను. అంతదూరపు గ్రహానికి ఈ రెండెకరాలే కనబడ్డాయా? "శని మాత్రం దగ్గరున్నాడా?" అన్నాడు వెంకయ్య. అందరూ తలలూపారు.

ఆఖరికి గ్రహం సంగతికే వచ్చాను. "చీకటిపడే వేళ దూరాన ఒక ఆడమనిషి నడిచిపోతోందనుకోండి. చంకలో ఏముందో మనకు కనబడదు. నడక మాత్రం ఒక పక్కకు ఒరుగుతోంది. దాన్నిబట్టి చంకలో బిడ్డ ఉందనుకుంటాం. ఆ నక్షత్రం నడకలో అలాంటి ఒరుగు ఉందని ఒకాయన అన్నాడు. గ్రహాన్ని ఆయన కూడా చూడలేదు. ఇంకా చాలామందికి ఆ ఒరుగే కనబడలేదు. చూసే అద్దంలోనే ఏదో తేడా ఉందేమో అనేవాళ్లూ ఉన్నారు. సంగతి ఇంకా ఖాయం కాలేదు."

కూలి ముఠాకు పెద్ద కోటమ్మ గట్టిగా అంది: "బిడ్డ కాకపోతే బిందె కావచ్చుగా!"

"కావచ్చమ్మా."

నవ్వులు. వెంకయ్య నవ్వలేదు. లేచి నిలబడ్డాడు. ఆయన చెడ్డవాడు కాదు. "ఇదంతా మాకెందుకు? ఒక్క ముక్కలో చెప్పండి. ఆ గ్రహం ఉందా, లేదా?"

"తెలియదు."

"లేదని గట్టిగా అనండి మాస్టారూ. మీరు చదువుకున్నోరు. లేదంటే ఇప్పుడే గడ్డపలుగు తెప్పించి పీకేయిస్తా. రేపు పొద్దున్నే కూలోళ్లు ఆమె చేలో ఉంటారు."

మాణిక్యమ్మ నా వైపు చూసింది. ఒక్క మాట చాలు. జీవితమంతా నేను చెప్పిన మాటే అది. దయ్యాలు లేవన్నాను. పితృలోకం లేదన్నాను. ముహూర్తాలకు బలం లేదన్నాను. అవన్నీ నిలబడి రుజువు చేయగలను. ఈ "లేదు"కు నా దగ్గర రుజువు లేదు. రుజువు లేని మాటను జనం నమ్ముతారు గనక చెప్పేస్తే, నేను నలభై ఏళ్లు ఎవరితో పోట్లాడినట్టు?

"తెలియదు," అన్నాను మళ్లీ.

"తెలవనప్పుడు భయపడటమే మంచిది," అన్నాడు వెంకయ్య, తువ్వాలు దులిపి భుజాన వేసుకుంటూ. జనం లేచారు. మాణిక్యమ్మ అందరికంటే ముందే వెళ్లిపోయింది.

మిగిలినవాళ్లం ఇద్దరం, నేనూ, పూజారి శాస్త్రులుగారూ. ఆయన రాతిమెట్టు మీద కూలబడి అన్నారు: "తొమ్మిదే అని నేను మొత్తుకున్నాను. ఖాయం కాలేదని మీరు మొత్తుకున్నారు. నాస్తికుడి పక్షాన నిలబడటం ఇదే మొదలండీ నాకు. నిలబడి కూడా ఓడిపోయాను."

నేను ఆయన పక్కన కూర్చున్నాను. తర్వాత నా నోట వచ్చిన మాట రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

"శాస్త్రులుగారూ, ఏదో ఒక శ్లోకం చదివెయ్యండి. ఎవరికి తెలుస్తుంది? ఆవిడ పంట దక్కుతుంది."

ఆయన నా వైపు తిరిగి కళ్లజోడు తీశారు. "ఎవరికి తెలుస్తుందా? నాకు తెలుస్తుంది కదండీ. లేని మంత్రాన్ని ఉందని ఎలా చదవను? నన్ను అబద్ధం ఆడమంటున్నారే! అదీ మీరు!"

నేను తల వంచుకున్నాను. ఒక అబద్ధం నేను ఆడనన్నాను, ఒకటి ఆయన ఆడనన్నారు. ఇద్దరి నిజాయితీకీ మూల్యం చెల్లించవలసింది గోడ పక్కన నిలబడిన ఆ మనిషి.

చేను

పొద్దున్నే మాణిక్యమ్మ చేనికి వెళ్లాను. ఆమె అప్పటికే కోస్తోంది. నేను పైపంచె ఒడికట్టుకుని వేరే సాలులో దిగాను.

"మీకెందుకయ్యా ఈ పని? ఒంటికి పడదు."

"మాటలతో కాలేదు కదమ్మా," అన్నాను.

మిరపకాయ కొయ్యడం చెట్టుమీది జామకాయ కొయ్యడం లాంటిదని అనుకున్నాను. పట్టుకుని లాగాను. కాయ వచ్చింది, తొడిమ చెట్టునే ఉండిపోయింది. ఇంకోటి లాగితే కొమ్మ చీలివచ్చింది, దానితో నాలుగు పిందెలు, గుప్పెడు పూత. గంట గడిచేసరికి వేళ్లు మండటం మొదలైంది. చెమట కారితే అదే చేత్తో కన్ను తుడుచుకున్నాను. ఇక ఏ గ్రహమూ నక్షత్రమూ అక్కర్లేదు. నాకు ఆకాశమంతా కనబడింది. గట్టుమీద గుడ్డిగా తడుముకుంటుంటే, "కదలకండి, నీళ్లు తెస్తున్నా," అని శాస్త్రులుగారి గొంతు వినబడింది.

ఆయన చెంబు తెచ్చి నా ముఖం కడిగారు. తర్వాత ఉత్తరీయం నడుముకు బిగించి, మడత ఒడిలా వేసుకుని, నా పక్క సాలులో దిగారు. ఆయన నాకంటే అన్యాయం. ఎరుపూ పచ్చా తేడా లేకుండా దూస్తున్నారు. కళ్లజోడు మాటిమాటికీ చెట్టులో పడుతోంది, దాన్ని తీయబోయి చెట్టును తొక్కుతున్నారు.

వేరే చేలకు పోతున్న కూలి ముఠా గట్టుమీద ఆగింది. మొదట నవ్వారు.

"ఏందే కోటమ్మా, పంతులూ మాస్టరూ జోడెడ్లు కట్టారు!"

"కాడి మెడమీద కాదే, ఒళ్లో ఉంది!"

నవ్వులు తగ్గాయి. కోటమ్మ ముఖం మారింది. నేను ఇంకో కొమ్మ చీల్చాను. ఆమె పళ్లు నూరడం నాకు వినబడింది.

"అయ్యా! పైకెత్తి తిప్పాల, లాక్కూడదు!"

నేను పైకెత్తి తిప్పాను. చెట్టు వేళ్లతో సహా లేచింది.

"ఓరి నాయనో!" అని కోటమ్మ గట్టు దిగింది. "లెండి, లెండి అవతలికి! ఆ గ్రహమే నయం! ఆకులే ముడిచింది, మీరు చెట్లనే చంపుతున్నారు!" నా ఒడిలోంచి కాయలు లాక్కుని చూసి, "తొడిమల్లేవు! పూత! పిందెలు! అయ్యయ్యో, పాపిష్టి చేతులు!" అని ఏడుపుగొంతుతో తిట్టింది. తిడుతూనే సాలు పట్టింది. గట్టుమీద ఉన్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"కోటమ్మక్కా, గ్రహం..." అంది ఒకామె.

"ఆ గ్రహం కన్ను నామీద పడితే పడనీ! ఇట్టాంటి కోత కళ్లారా చూసినాక పడుకుంటే నాకు నిద్రపడుతుందా? రండే!"

వాళ్లు దిగారు. ఒకరి తర్వాత ఒకరు, కొంగులు ఒడికట్టుకుంటూ. మాణిక్యమ్మ ఆ చివర సాలులో నిలబడిపోయి చూస్తోంది. ఆమె పక్క సాలులోకి ఒకామె వచ్చి, ఏమీ ఎరగనట్టు, "పోయినేడు ఈ పక్క కాయ ఇంకా లావుంది కదా వదినా?" అంది. మాణిక్యమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. తల ఊపి కొయ్యడం మొదలుపెట్టింది.

నన్నూ శాస్త్రులుగారినీ గట్టుమీద కూర్చోబెట్టి, కాపలా పెట్టినంత పని చేశారు.

హేతువాదం గెలిచిందని రాయాలని ఉంది. గెలవలేదు. నా వాదాన్ని ఆ ఊళ్లో ఒక్కరూ ఒప్పుకోలేదు. చెడ్డ పనిని చూస్తూ ఊరుకోలేకపోవడం మాత్రం ఆ ఆడవాళ్లలో ఏ గ్రహానికీ లొంగకుండా మిగిలి ఉంది.

తిరుగు దారి

నేను బయల్దేరేనాటికి మాణిక్యమ్మ కల్లం ఎర్రబడింది. సగం పంట ముందే రాలిపోయింది గాని, చేను అమ్ముకోవలసిన అవసరం తప్పింది. నాకు ఒక చిన్న సంచీ నిండా ఎండుమిరపకాయలు ఇచ్చింది. "ఒక్కణ్ణే, ఇన్నేం చేసుకోను?" అంటే, "ఒక్కరైతే కారం తినరా?" అంది.

రాయి అక్కడే ఉంది. ఎవరూ పీకలేదు. శివాలయం ముందునుంచి పోతుంటే, నన్ను సాగనంపడానికి వచ్చిన మాణిక్యమ్మ లోపలికి వెళ్లింది. తొమ్మిదింటినీ దాటిపోయి, పదోదాని ముందు ఒక పండుమిరపకాయ పెట్టింది. నాకు ఒళ్లు మండింది.

"మాణిక్యమ్మా! దీనివల్ల పడ్డ బాధ చాలలేదా? ఇంకా భయమేనా?"

ఆమె తాపీగా లేచి చెంగు దులుపుకుంది. "భయం కాదయ్యా. దాన్ని ఇంతవరకూ ఎవురూ చూడలేదన్నారుగా మీరు. అంత దూరాన, ఉందో లేదో కూడా ఎవురికీ తెలవకుండా..." నా వైపు చూసింది. "ఉంటే మాత్రం, పాపం, ఒక్కటేగా."

నా దగ్గర సమాధానాలున్నాయి. జడపదార్థానికి ఒంటరితనం ఉండదని చెప్పవచ్చు. మిరపకాయల సంచీ భుజం మార్చుకున్నాను. ఈసారి సభలో నేను ఒక్కచోటా అరవలేదు. ఆ సంగతి గమనించి చెప్పడానికి ఆఖరి వరసలో ఎవరూ లేరు.

బస్సు ఆగే చోటిదాకా మస్తాన్ చీరల మూటతో నాకు తోడు వచ్చాడు. బాట వెడల్పుగా, ఖాళీగా ఉంది. నేను అంచునే నడుస్తున్నాను. అతను ఈసారి ఎందుకని అడగలేదు. మూట బరువుకు ఒక పక్కకు ఒరుగుతూ, బాటకు ఆవలి అంచున నడిచాడు, నా కుడిపక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి.